గొర్రె పళ్ళు చూసి వయసు చెప్పే పిల్లవాడు

నల్లగొండ జిల్లాలో ఒక పల్లె బడిలో సైన్సు చెబుతాను. మన పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదన్న మాట స్టాఫ్‌రూంలో వింటాను, తల్లిదండ్రుల సమావేశంలో వింటాను, మండలంలో ఏ శిక్షణకు వెళ్ళినా వింటాను. ఆ మాట నేను ఒప్పుకోను. మన పిల్లలకు బోలెడు ఆసక్తి ఉంది. అది దేని మీద ఉందో చూడటానికి మనకే తీరిక లేదు.

పొద్దున్నే వాళ్ళు చేసి వచ్చే పనులు చూడండి. దొడ్డి ఊడుస్తారు. బర్రెకు కుడితి పెడతారు. మేకపిల్లను తల్లి దగ్గర విడిచి, కడుపు నిండా తాగిందో లేదో చూసి మళ్ళీ కట్టేస్తారు. ఏ గొర్రె ఈ వారంలో ఈనుతుందో పొదుగు చూసి చెప్పే పిల్లలు నా తరగతిలో ఉన్నారు. బర్రె మేత ముట్టకపోతే, నెమరు వేయకపోతే అది జబ్బు అని వాళ్ళకు తెలుసు. తొమ్మిదింటికి యూనిఫాం వేసుకుని బడి గేటు దాటగానే ఈ తెలివంతా ఎక్కడికో పోతుంది. పరీక్షలో ఆవు గురించి రాయమంటే, ముందు రోజే ఆవు తన్నితే మోకాలు వాచిన పిల్ల కూడా ‘ఆవు సాధు జంతువు’ అనే మొదలుపెడుతుంది. మార్కులు ఆ వాక్యానికే పడతాయని దానికి తెలుసు. ఇంట్లో చూసింది ఒకటి, బడిలో రాయాల్సింది ఇంకొకటి అని ఎనిమిదేళ్ళకే నేర్చుకున్న పిల్లకు చదువు మీద ప్రేమ ఎలా పుడుతుంది?

అందుకే, పాఠంలోకి జంతువులు రావాలని నేను అంటాను. బొమ్మలుగానో చార్టులుగానో వస్తే సరిపోదు. ప్రాణంతో రావాలి. తెచ్చినవాళ్ళతో కలిసి రావాలి. అవి రాలేకపోతే మనమే వాటి దగ్గరికి నడవాలి.

ఏడో తరగతి అబ్బాయి ఒకడు లెక్కల్లో బాగా వెనకబడి ఉండేవాడు. నోరు మెదపని పిల్లవాడు, చివరి వరుస. జంతువుల ఆహారం, దంతాల పాఠం వచ్చినప్పుడు వాళ్ళ తాతను అడిగి ఒక గొర్రెను బడికి తెప్పించాను. వరండా మెట్ల దగ్గర తాత దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుని, బొటనవేలితో కింది పెదవి కిందికి లాగి చూపించాడు. పిల్లలంతా ముందుకు వంగారు. పైన ముందు పళ్ళే లేవు, గట్టి చిగురు ఒక్కటే. కింద ఎనిమిది పళ్ళు. వాటిలో మధ్యన ఉన్న నాలుగు వెడల్పుగా, మిగతావి చిన్నవిగా, సన్నగా ఉన్నాయి. ‘దీనికి ఎంత వయసు?’ అని నేను అడిగేలోపే ఆ అబ్బాయి అన్నాడు: ‘నాలుగు పళ్ళది టీచర్. రెండేళ్ళ మీద ఉంటుంది.’

తరగతి మొత్తం వాడి వైపు తిరిగింది. వాడు ఆగలేదు. మధ్యలో రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది దాటినట్టు, నాలుగు వస్తే రెండేళ్ళు, ఆరు వస్తే మూడేళ్ళకు దగ్గర, ఎనిమిదీ వచ్చాయంటే నాలుగో ఏడు అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. పాలపళ్ళు ఊడి శాశ్వత దంతాలు జతలు జతలుగా వస్తాయన్న సంగతి వాడికి పుస్తకం చెప్పలేదు. అంగడిలో తాత పక్కన నిలబడి నేర్చుకున్నాడు. తాత ఇంకొక మాట కలిపాడు: ‘పళ్ళు చూడకుండా గొర్రెను కొంటే మోసపోతాం పంతులమ్మా. ముదురు గొర్రెకు ముందు పళ్ళు ఊడిపోతాయి. పొట్టి గడ్డిని కొరకలేక చిక్కిపోతుంది.’

ఆ పీరియడ్‌లోనే ఆ అబ్బాయి బోర్డు మీద పట్టిక వేశాడు. ఒక వరసలో పళ్ళు, ఒక వరసలో నెలలు. తర్వాతి వారం అదే పట్టికతో గ్రాఫు గీయించాను. గ్రాఫు అంటే ఏమిటో వాడికి మొదటిసారి అర్థమైంది. పైన ముందు పళ్ళు లేకుండా గడ్డి ఎలా కొరుకుతుంది, కొరికినదాన్ని నమలకుండా మింగేస్తే ఏమవుతుంది, మింగినది మళ్ళీ నోట్లోకి ఎందుకు వస్తుంది అన్న ప్రశ్నలు పిల్లలే వేశారు. నాలుగు గదుల కడుపు గురించి ఆ రోజు నేను చెప్పింది పాఠంలో ఉన్నదానికన్నా ఎక్కువే. ఎవరూ కిటికీలోంచి బయటికి చూడలేదు.

మరో ఉదాహరణ చెబుతాను. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం మా ఊళ్ళలో అందరికీ తెలుసు. యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. 75 శాతం సబ్సిడీ ఉండేది. శాతాల పాఠానికి ఇంతకన్నా దగ్గరి లెక్క నాకు ఎక్కడా దొరకలేదు. అయితే ఆ లెక్కలో ఇంకో ప్రశ్న దాక్కుని ఉంది. ఇరవైకి ఒకటే ఎందుకు? తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న వేస్తే కాపరుల ఇళ్ళ పిల్లలు ఎగబడి చెప్పారు. ఒక్క పొట్టేలు చాలు, రెండుంటే కుమ్ముకుంటాయి, మేత దండగ అన్నారు. ఒక అమ్మాయి మాత్రం, ‘మా నాన్న రెండేళ్ళకోసారి పొట్టేలును మారుస్తాడు, లేకపోతే పిల్లలు బలంగా పుట్టవు’ అంది. దగ్గరి రక్తసంబంధం వల్ల వచ్చే లోపాల గురించి, అనువంశికత గురించి పై తరగతిలో చెప్పాల్సిన పాఠానికి తలుపు అక్కడే తెరుచుకుంది. ఆ తలుపు తెరిచింది నేను కాదు.

ప్రాణమున్న జంతువు దగ్గర పిల్లలకు ఏమవుతుందో చాలాసార్లు గమనించాను. పుస్తకంలో జవాబు ముందే ఉంటుంది, దాన్ని పట్టుకోవడమే పిల్లల పని. జంతువు దగ్గర జవాబు ఎక్కడా రాసి ఉండదు. చూడాలి, ఆగాలి, మళ్ళీ చూడాలి. గోల చేస్తే అది పారిపోతుంది. కాబట్టి నిశ్శబ్దంగా ఉండమని నేను అరవాల్సిన పని లేదు. తప్పు చెప్పినా ఎవరూ నవ్వరు, ఎందుకంటే సరైన జవాబు ఏదో ఇంకా ఎవరికీ తెలియదు.

మా బడి ప్రహరీ వెనకే మధ్యాహ్న భోజనం వండే అవ్వ ఇల్లు. ఆమె కోడి ఒకటి పొదుగుకు వచ్చింది. దాన్ని బడికి తెద్దామని పిల్లలు గొడవ చేశారు, నేను ఒప్పుకోలేదు. పొదుగు మీద ఉన్న కోడిని కదిలిస్తే అది గుడ్లు వదిలేసే ప్రమాదం ఉంది. పైగా దానికి కావలసింది చీకటి, ప్రశాంతత. ఇద్దరిద్దరు చొప్పున మేమే అవ్వ ఇంటికి వెళ్ళేవాళ్ళం. కోడి రోజుకోసారి గంప దిగి నీళ్ళు తాగి, నాలుగు గింజలు ఏరుకుని, దుమ్ములో పొర్లి వస్తుంది. ఆ కాసేపట్లోనే చూడాలి. పిల్లలు ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో ఒకవైపు గుణకారం గుర్తు, రెండోవైపు సున్నా వేశారు. మర్నాడు చూస్తే కొన్ని గుణకారాలు కిందికి పోయి సున్నాలు పైకి వచ్చాయి. కోడి గుడ్లను తిప్పుతుందని అలా తెలిసింది. ఎందుకు తిప్పుతుంది అన్నది రెండు రోజుల చర్చ. లోపలి పిండం పెంకు పొరకు అతుక్కుపోకుండా, వేడి అన్నివైపులా సమంగా తగిలేలా తిప్పుతుందని చివరికి నేను చెప్పాను. అప్పటికే ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆ వేడి సంగతి పట్టేశారు.

ఏడో రోజు చీకటి గదిలో ఫోను టార్చి మీద గుడ్డును నిలబెట్టి చూశాం. ఎర్రటి వెలుగులో సాలీడు కాళ్ళు చాచినట్టు సన్నని రక్తనాళాలు, మధ్యలో నల్లటి చుక్క, ఆ చుక్క కదులుతోంది. ఒక గుడ్డులో ఏమీ లేదు, పసుపుగా వెలిగింది అంతే. ‘ఇది ఉత్త గుడ్డు’ అని అవ్వ దాన్ని పక్కన పెట్టింది. తూకం వేసిన పిల్లలు మరో వింత కనిపెట్టారు. గుడ్డు రోజురోజుకీ బరువు తగ్గుతోంది. 40 గ్రాముల గుడ్డు పిల్లయ్యే నాటికి నాలుగైదు గ్రాములు తగ్గుతుంది. లోపల పిల్ల పెరుగుతుంటే బరువు పెరగాలి కదా? పెంకుకు కంటికి కనిపించని వేల రంధ్రాలు ఉంటాయని, వాటిలోంచి నీటి ఆవిరి బయటికి పోతుందని చెప్పాను. పెంకు గట్టి గోడ అనుకున్న పిల్లలకు అది ఊపిరి పీల్చే గోడ అని తెలిసింది. ఇరవై ఒకటో రోజున పెంకు లోపలి నుంచే కిచకిచ వినబడింది, కోడి బదులు పలికింది. ముక్కు కొసన ఉండే చిన్న గట్టి మొనతో పిల్ల పెంకును పొడుచుకుని రావడాన్ని పిల్లలు వంతులవారీగా చూశారు. ఆ రోజు హాజరు గురించి నేను ఎవరికీ ఫోను చేయాల్సిన అవసరం రాలేదు.

అదే వారం భోజనాల దగ్గర ఒక పాప ఉడికించిన గుడ్డు చేతిలో పట్టుకుని అడిగింది: ‘టీచర్, ఇది కోడి కింద పెడితే పిల్ల అయ్యేదా?’ ఫారం గుడ్డు పొదగదు, ఎందుకంటే అక్కడ పెట్టలు పుంజు లేకుండానే గుడ్లు పెడతాయి. ఈ ఒక్క ప్రశ్నతో ఫలదీకరణ పాఠం సిగ్గు, నవ్వులు లేకుండా సాగిపోయింది. పై తరగతుల్లో ఆ పాఠాన్ని మనం ఎలా దాటవేస్తామో ఉపాధ్యాయులందరికీ తెలుసు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. తరగతిలో జంతువులు అనగానే పంజరంలో కుందేలు, గాజు తొట్టెలో చేప, గూట్లో చిలుక గుర్తుకొస్తాయి. మన బడులకు అది వద్దు. రాత్రి, ఆదివారం, దసరా సెలవుల్లో వాటిని చూసేవాళ్ళు ఎవరు? ఏప్రిల్‌లో నల్లగొండ ఎండ 43 డిగ్రీలు దాటితే రేకుల కప్పు కింద అవి ఏమవుతాయి? చట్టం సంగతీ ఉంది. మన రామచిలుకను పంజరంలో పెట్టడం, నక్షత్ర తాబేలును పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బందీ చేసిన ప్రాణిని చూపించి పిల్లలకు ప్రాణుల మీద ప్రేమ నేర్పలేం. జీవుల మీద దయ చూపడం పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఏ అధికరణలో ఉంది. ఆ అధికరణ గోడ మీద రాసిన తరగతిలోనే పంజరం పెట్టలేం కదా.

కొన్నాళ్ళు దగ్గర ఉంచుకుని వదిలేయగలిగినవి పురుగులు. మా వైపు బత్తాయి, నిమ్మ తోటలు ఎక్కువ, నకిరేకల్‌లో నిమ్మకాయల మార్కెటే ఉంది. నిమ్మ లేత ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగును చూసే ఉంటారు. అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. పిట్టలు తమ రెట్టను తామే తినవు కాబట్టి ఆ వేషం. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి వచ్చి ఘాటు వాసన కొడుతుంది. పలచని బట్ట కట్టిన సీసాలో, రోజూ తాజా నిమ్మాకు వేస్తూ ఉంచితే రెండు మూడు వారాల్లో గూడు కడుతుంది. ఆ గూడు పచ్చగా ఉంటుందా, గోధుమరంగులో ఉంటుందా అన్నది అది ఉన్న చోటును బట్టి మారుతుంది. దీని మీద పిల్లలు చిన్న ప్రయోగం చేయవచ్చు. ఒక గొంగళికి పచ్చటి కొమ్మ, మరోదానికి ఎండు పుల్ల ఇచ్చి చూడటమే. తోట ఉన్న ఇంటి పిల్లలు మాత్రం, ‘ఇది మా నాన్న మందు కొట్టి చంపే పురుగు టీచర్’ అంటారు. నిజమే. ఆ మాటను దాచిపెట్టకూడదు. లేత మొక్కను బోడి చేసే పురుగూ, సీతాకోకచిలుకా ఒకటే అని తెలిసినప్పుడు, ఎంత మందు కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, చేతితో ఏరితే చాలదా అని పిల్లలు ఇంట్లో అడగడం మొదలుపెడతారు.

పిల్లల ఆసక్తిని పెద్దవాళ్ళు ఎలా అందుకోవాలో చెప్పడానికి నాకు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కథ ఇష్టం. 1908 ప్రాంతంలో, పదేళ్ళు దాటిన వయసులో, ఆయన తన ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. మామూలు పిచ్చుకకు అది ఉండదు. ఇదేం పిట్ట అని తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకెళ్ళాడు. అక్కడి కార్యదర్శి మిలార్డ్ పిల్లవాణ్ణి వెనక్కి పంపలేదు. లోపలికి పిలిచి, సొసైటీ భద్రపరిచిన పక్షుల నమూనాలు ఒక్కొక్కటీ చూపించాడు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక, 1931-32లో నిజాం రాజ్యంలోని పక్షుల సర్వే చేస్తూ మన పాలమూరు నల్లమలకు, మన్ననూరు, ఫరహాబాద్ అడవులకు వచ్చాడు. మిలార్డ్ లాంటి పెద్దమనిషి ప్రతి బడిలో ఒకరు ఉండాలి. నాకు తెలిసి అదే ఉపాధ్యాయుడి అసలు పని. చచ్చిన పిట్టను చేత్తో పట్టుకుని వచ్చిన పిల్లవాణ్ణి ‘ఛీ, బయట పారెయ్, చేతులు కడుక్కో’ అని ఎన్ని బడుల్లో తరిమి ఉంటారో తలచుకుంటే బాధగా ఉంటుంది. చేతులు కడుక్కోమనడం సరైనదే. కడుక్కున్నాక కూర్చోబెట్టి మాట్లాడాలి.

మన్ననూరు, అమ్రాబాద్ వైపు చెంచు పిల్లలకు అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పే విద్య ఇంటి నుంచే వస్తుంది. ఆ పిల్లలనే మనం ‘అక్షరం రాని వాళ్ళు’ అంటాం. ఇసుకలో గుర్తులు చదవగలిగిన పిల్లకు కాగితం మీది గుర్తులు చదవడం ఎందుకు కష్టమవుతోందో, ఆ పిల్లలకు పాఠాలు తయారుచేసేవాళ్ళు గట్టిగా ఆలోచించాలి.

ఇంకో సంగతి. కృష్ణా తీరంలో మక్తల్, మాగనూరు వైపు కృష్ణజింకలు మందలుగా పొలాల్లో పడి మొలకలు తినేస్తాయి. అక్కడి పిల్లలు ఇంట్లో జింకను తిట్టడం వింటారు, బడిలో ‘వన్యప్రాణులను కాపాడండి’ అని నినాదం రాస్తారు. రెండూ పక్కపక్కనే పెట్టి మాట్లాడని చదువు ఎందుకు? జింకలు ఎప్పుడు వస్తాయి, ఏ పంటను వదిలేస్తాయి, కంచె ఖర్చు ఎంత, నష్టపరిహారం ఎవరిని అడగాలి అని పిల్లలు ఊళ్ళో తిరిగి రాసుకొస్తే అందులో సైన్సు, లెక్కలు, సాంఘికం, తెలుగు అన్నీ ఉంటాయి. నినాదం కన్నా ఆ రాత వల్ల జింకకూ మేలు, రైతుకూ మేలు.

సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలి అని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చదువును బడి బయటి జీవితంతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. మనం పాటించలేదు, అంతే. నా అనుభవంలో గొర్రె వచ్చిన రోజు ఒక పీరియడ్ పోయింది, తర్వాత నాలుగు పీరియడ్లు మిగిలాయి. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు మరి.

ప్రమాదం గురించి అడుగుతారు. భయం ఉన్న పిల్లలను బలవంతం చేయకూడదు, దూరం నుంచి చూసినా చాలు. కుక్కను మాత్రం పాఠంలోకి తప్పకుండా తేవాలి, తరగతిలోకి తేకపోయినా సరే. తింటున్న కుక్క దగ్గరికి, పిల్లలు పెట్టిన కుక్క దగ్గరికి వెళ్ళకూడదని, కరిస్తే వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలని, పసరు మందు జోలికి పోకూడదని పిల్లలందరికీ తెలియాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి బొమ్మలను గుర్తుపట్టడం కూడా అంతే అవసరం. ఇవి తెలియకపోతే ప్రాణాలు పోతాయి.

ఇక అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. పిల్లలు ముద్దు చేసిన మేకను పండుగకు కోస్తే? మా పిల్లలకు ఇది కొత్త కాదు. పేరు పెట్టి పెంచిన మేకపోతును దసరాకు కోసినప్పుడు ఏడ్చి, అన్నం తినకుండా పడుకున్న పిల్లలు మా ఊళ్ళో ప్రతి వీధిలో ఉన్నారు. ఆ దుఃఖానికి బడిలో చోటు లేకపోవడమే తప్పు. తినేవాళ్ళ ఇంటి పిల్లలు, తినని ఇంటి పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఎవరి తిండినీ తక్కువ చేయకుండా ఆ దుఃఖం గురించి మాట్లాడవచ్చు, రాయించవచ్చు. మా పిల్లలు రాసిన తెలుగు వ్యాసాల్లో నేను దాచుకున్నవి చాలావరకు ఆ మేకల గురించినవే. ఒక్కదాంట్లో కూడా ‘సాధు జంతువు’ అన్న మాట లేదు.

ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. పశుసంవర్ధక శాఖ ఏటా ఊరూరా గొర్రెలకు, మేకలకు నట్టల మందు తాగిస్తుంది. మండల పశువైద్యుడికి ఫోను చేసి మీ ఊరికి వచ్చే తేదీ తెలుసుకోండి. ఆ రోజు ఎనిమిదో తరగతిని మంద దగ్గరికి పంపండి. గొర్రె బరువు అంచనా వేయడం, బరువుకు తగ్గ మందు ఎన్ని మిల్లీలీటర్లో లెక్కగట్టడం, రిజిస్టరులో రాయడం వాళ్ళకు అప్పగించమని డాక్టరును అడగండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో పిల్లలు మింగే నులిపురుగుల మాత్ర అల్బెండజోల్‌ను అక్కడికి తీసుకెళ్ళి, గొర్రెల మందు సీసా పక్కన పెట్టి, రెండింటి మీదా రాసి ఉన్న పేర్లు చదివించండి. ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు. జవాబులకు డాక్టరు ఉంటారు, కాపరి ఉంటాడు. వెళ్ళేటప్పుడు సబ్బు, బిందెడు నీళ్ళు తీసుకెళ్ళడం మరచిపోకండి.